పెద్దమ్మ చెప్పిన కథ

ఏప్రిల్ 7, సోమవారం

ఈ నోటుబుక్కు మందుల కంపెనీ వాళ్ళు ఇచ్చింది. ఆసుపత్రిలో నేను పనిచేసే మందుల కౌంటర్లో మూడు నెలలుగా పడి ఉంది. ఈ రోజు ఇంటికి తెచ్చాను. ఎవరికైనా చెప్పుకుంటే ఏడ్చేస్తాను. రాసుకుంటే ఏడవనేమో.

నిన్న చర్చి అయ్యాక జోయెల్ వచ్చాడు. కొత్త భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. పేరు ఫ్లారెన్స్, కుప్పం అమ్మాయి. పెళ్ళయి రెండు నెలలు. కాఫీ ఇచ్చాను. గ్లాసు కింద పెట్టకముందే విషయం చెప్పేశాడు.

"పాపను ఇంక మేము తీసుకుపోతాము వదినా. జూన్‌లో కుప్పంలో ఒకటో తరగతిలో చేర్పిస్తా. నేను రోజూ రైల్లో బెంగళూరు పోయి వస్తాండా. ఇంట్లో ఫ్లారెన్స్ ఉండాది."

నా చెల్లెలు సుగుణ జ్వరంతో పోయినప్పుడు హెప్సికి పది నెలలు. "రెండు నెలలు సూడు వదినా, నేను కుదురుకుంటానే వస్తా" అని నా చేతుల్లో పెట్టి బెంగళూరు వెళ్ళాడు. ఇప్పుడు దానికి అయిదున్నర.

మా ఆయన ఎడ్విన్ ఖాళీ గ్లాసులు లోపలికి తీసుకెళ్ళాడు. హెప్సి ఫ్లారెన్స్ చేతి గాజులు లెక్కపెడుతూ కూర్చుంది.

ఏప్రిల్ 9

జోయెల్ మనసు మార్చుకుంటాడు. ఇంతకు ముందు రెండుసార్లు తీసుకెళ్తానన్నాడు. తీసుకెళ్ళాడా?

ఏప్రిల్ 14, సోమవారం

ఎడ్విన్ తనకు తెలిసిన వకీలును అడిగి వచ్చాడు. "కన్న తండ్రి ఉండాడు, ఉద్యోగం ఉండాది, మంచోడు. మీరు ఏమని అడుగుతారప్పా?" అన్నాడట ఆయన. ఇద్దరూ టీ తాగారట.

ఇది చెప్పి ఎడ్విన్ ఫ్యాను విప్పుకుని కూర్చున్నాడు. ఆ ఫ్యానుకు ఏ రోగమూ లేదు.

ఏప్రిల్ 20, ఈస్టరు

ఫ్లారెన్స్ హెప్సికి గౌను కుట్టి తెచ్చింది. తెలుపు మీద చిన్న చిన్న పసుపు పూలు. కొలతలు ఎప్పుడు తీసుకుందో. సరిగ్గా సరిపోయింది. మెడ దగ్గర కొంచెం బిగుతు అన్నాను. హెప్సి అద్దం ముందు నిలబడి, "బిగుతు లేదు పెద్దమ్మా" అంది.

ఏప్రిల్ 21

మెడ దగ్గర బిగుతుగానే ఉంది.

ఏప్రిల్ 23, బుధవారం

పొద్దున గడప మీద కూర్చోబెట్టి తల దువ్వుతుంటే కథ చెప్పమంది. ఎప్పుడూ చెప్పేవి కాకుండా కొత్తది చెప్పాను. అప్పటికప్పుడు అల్లినదే.

ఒక ఊళ్ళో ఒక పాప. వాళ్ళ ఇంటికి కొత్తమ్మ వచ్చింది. పాపకు కొత్త బట్టలు తెచ్చింది, తీపి తెచ్చింది. ఒకరోజు అడవి చూపిస్తానని తీసుకెళ్ళింది. పూలు కోసుకుని రా అని పంపింది. పాప పూలు కోసుకుని తిరిగి వస్తే కొత్తమ్మ లేదు, బండీ లేదు.

"అప్పుడు?" అంది హెప్సి. దువ్వెన నా చేతిలో ఆగిపోయింది.

"అప్పుడు వాళ్ళ పెద్దమ్మ వెతుక్కుంటూ వచ్చి ఇంటికి తీసుకెళ్ళింది" అన్నాను.

కథేగా. సవతి తల్లి కథలు ఏ పిల్లలకు చెప్పరు? నేనూ విన్నాను, సుగుణా విన్నది. మాకేమైంది?

ఏప్రిల్ 26

మళ్ళీ అదే కథ అడిగింది. చెప్పాను.

ఏప్రిల్ 30

మళ్ళీ. ఈసారి తనే నడుమ నడుమ అందుకుంది. "బండి యాడ నిలబెట్టినారు?" అని అడిగింది. చెట్టు కింద అన్నాను.

మే 4, ఆదివారం

ఫ్లారెన్స్ ఫోన్ చేసింది. రామకుప్పం దాటాక అడవిలో పిల్లల కోసం కథల బాట పెట్టారట. చెట్ల మధ్య నడుస్తూ పోతే అక్కడక్కడా పలకలు ఉంటాయట, ఒక్కో పలక మీద కథ ఒక్కో పేజీ. సిమెంటు జంతువులు కూడా ఉన్నాయట.

"హెప్సికి కథలంటే ప్రాణమని మీరే చెప్తిరి కదక్కా. అందరమూ పోదాము. మీరు లేకుండా అది నాతో రాదు. మెల్లిగా అలవాటు పడతాది" అంది.

సరేనన్నాను. కాదనడానికి కారణం ఏం చెప్పాలి?

అడవికి పోతున్నామని హెప్సికి చెబితే ఎగిరి గంతేస్తుందనుకున్నాను. నా మొహంలోకి చూసింది. "నువ్వు కూడా వస్తావా పెద్దమ్మా?"

"వస్తాను."

"తిరిగొచ్చేటప్పుడు కూడా ఉంటావా?"

నన్ను వదిలి ఉండలేదు. జోయెల్‌కు ఇది కనబడాలి.

మే 12

స్కూల్లో అడ్మిషన్ ఇంకా కాలేదట. సీట్లు లేవేమో.

మే 16, శుక్రవారం

అడ్మిషన్ అయిందట.

మే 18, ఆదివారం

నిన్నటి సంగతి నిన్న రాయలేకపోయాను.

జోయెల్, ఫ్లారెన్స్ ముందు రోజే స్నేహితుడి కారులో మదనపల్లె వచ్చి చర్చి గెస్టు రూములో దిగారు. శనివారం ఆరింటికి బయలుదేరాం. జోయెల్ నడిపాడు, ఎడ్విన్ ముందు కూర్చున్నాడు. వెనక నేను, ఫ్లారెన్స్, మధ్యలో హెప్సి. అది నా కొంగు చివర వేలికి చుట్టుకుని కూర్చుంది.

పుంగనూరులో టిఫిను. ఫ్లారెన్స్ ఇంట్లో చేసిన రవ్వలడ్డు డబ్బా తీసి హెప్సి ముందు పెట్టింది. హెప్సి ముట్టలేదు. "ఒకటి తిను బంగారూ" అంటే తల అడ్డంగా ఊపి నా వైపు చూసింది. జోయెల్ మొహం చిన్నబోయింది. దేవుడి ఎదుట అబద్ధం ఎందుకు, నాకు సంతోషం వేసింది. "కారులో దానికి కడుపులో తిప్పుతాదిలే" అని పైకి అన్నాను.

పదిన్నరకు చేరాం. కారును గేటు పక్కన చింతచెట్టు నీడలో పెట్టాం. గేటు దగ్గర రెడ్డెప్ప అనే గార్డు ఉన్నాడు, యాభై దాటిన మనిషి. "నాలుగు దాటితే లోపల ఎవర్నీ ఉండనియ్యమమ్మా. ఏనుగులు తిరుగుతాండాయి. మొన్న ఆ పక్క రాగి చేలో పడినాయి" అన్నాడు. హెప్సి చేయి నా చేతిలో చల్లగా ఉంది. మే నెల ఎండలో.

కథ ఎలుగుబంటి పెళ్ళి. మొదటి పలక మీద కుందేలు పెళ్ళి పత్రికలు పంచడానికి బయలుదేరుతుంది. తర్వాత పలక దగ్గర సిమెంటు నెమలి. ఆ రోజు నాట్యం ఉంది, రాలేనంటుంది. తర్వాత ముళ్ళపంది. పందిట్లో అందరికీ గుచ్చుకుంటానని దిగులు. ఫ్లారెన్స్ ఒక్కో పలకా గొంతు మార్చి చదివింది. బాగా చదివింది. ముళ్ళపంది దగ్గర ఎడ్విన్ కూడా నవ్వాడు. ఆయన నవ్వు విని నెలయింది. హెప్సి నవ్వలేదు. వెనక్కి తిరిగి వచ్చిన దారి చూసుకుంటూ నడిచింది.

"కాళ్ళు నొస్తాండాయా?" అని ఫ్లారెన్స్ చేయి అందించింది. హెప్సి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

అయిదో పలక దగ్గర పసుపు పూల పొదలు ఉన్నాయి. ఫ్లారెన్స్ వాటిని చూసింది. ఆమెకేం తెలుసు? "హెప్సీ, నీ గౌను మాదిరే ఉండాయి సూడు. పో, రెండు పూలు కోసుకురాపో" అంది.

నాకు వినబడింది. ఆ మాటే. నా నోటితో నేను మూడుసార్లు చెప్పిన మాట. హెప్సి నా వైపు చూసింది. ఒక్క అడుగు వేసి దాన్ని ఎత్తుకుని ఉంటే సరిపోయేది. నేను నీళ్ళ సీసా మూత తిప్పుతూ నిలబడ్డాను. జోయెల్ ఫోటో తీస్తానని ఫోన్ పట్టుకున్నాడు. హెప్సి పొదల వైపు నడిచింది. మేము ఆరో పలక మీద నక్క ఏమందో చూసి తిరిగేసరికి లేదు.

"హెప్సీ" అని పిలిచాం. మొదట మామూలుగా. తర్వాత నలుగురం నాలుగు వైపులా. ఎడ్విన్ వాగు వైపు పరుగెత్తాడు. ఫ్లారెన్స్ పొదల్లోకి దూరింది. ముళ్ళకు చీర చిరిగింది, ఒక చెప్పు ఎక్కడో పోయింది, ఆమె ఆగలేదు. నేను బాట మీదే ఉన్నాను. ఎలుగుబంటి పెళ్ళి పలక పట్టుకుని నిలబడ్డాను. అది యాడికి పోయింటుందో నాకు తెలిసి ఉండాలి. ఆ కథ చేసింది నేనే కదా. తెలియలేదు.

దాదాపు గంట.

జోయెల్ "కారేసుకుని రోడ్డు మీద సూస్తా, యాడన్నా రోడ్డెక్కిందేమో" అని గేటు వైపు పరుగెత్తాడు. నేను అతని వెనకే వెళ్ళాను. జోయెల్ కారెక్కి తాళం తిప్పాడు. ఇంజను మోగింది.

"ఆపప్పా, ఆపు" అని రెడ్డెప్ప చేతులు అడ్డం పెట్టి కారు ముందుకు వచ్చేశాడు. వంగి కింద చూశాడు. వెనక చక్రం పక్కన హెప్సి చెప్పు బయటికి కనబడుతోంది. చెప్పులో కాలు ఉంది.

హెప్సి కారు కింద బోర్లా పడుకుని ఉంది. రెడ్డెప్పే మెల్లగా లాగాడు. తెల్ల గౌను అంతా మట్టి, నూనె. ఏడవడం లేదు. జోయెల్ స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఇంజను ఆపడం కూడా మరిచిపోయాడు, ఎడ్విన్ వచ్చి ఆపాడు.

ఫ్లారెన్స్ ఒంటి చెప్పుతో కుంటుతూ వచ్చింది. పాదం కోసుకుపోయి నెత్తురు. హెప్సి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. దాన్ని ముట్టుకోలేదు.

"యాల పడుకున్నావమ్మా ఆడ?"

"నన్నిడిసిపెట్టి కారు పోవాలంటే నా మీద పోవాల కదా. అట్ల పోరు కదా."

రెడ్డెప్ప పక్కకు తిరిగి తువ్వాలు దులుపుకున్నాడు.

"నిన్నిడిసిపెట్టి పోతామని ఎవరు చెప్పినారు తల్లీ?" అంది ఫ్లారెన్స్.

హెప్సి తల ఎత్తి నన్ను చూసింది. ఎంతసేపో చూసింది. నేను చెప్పాలి. నోరు తెరిస్తే చాలు.

"స్కూల్లో చెప్పినారు" అంది హెప్సి.

మే 19

కౌంటర్లో ఒకరి మందులు ఇంకొకరికి ఇచ్చాను. ఆ ముసలాయన మెట్లు దిగకముందే గుర్తొచ్చి పరుగెత్తి మార్చాను.

మే 20

ఎడ్విన్ అన్నాడు: "ఆ కథ నువ్వు చెప్పిందే కదా. లోపల నాకు వినపడినాది. నేనన్నా ఆపాల్సింది."

తిట్టి ఉంటే బాగుండేది.

మే 21, బుధవారం

హెప్సికి చెప్పాలని పొద్దున గడప మీద కూర్చోబెట్టుకున్నాను. దువ్వెన పక్కన పెట్టేశాను.

"ఆ కొత్తమ్మ కథ ఉత్తదే హెప్సీ. అట్ల ఎవరూ ఇడిసిపెట్టరు. ఫ్లారెన్స్ మంచిది. నీకోసం ముళ్ళల్లో పడి ఎట్ల తిరిగిందో తెలుసా, కాలు కోసుకుంది."

"సూసినా."

"అది నేను ఊరికే చెప్పిన కథ."

"ఉత్తదే అయితే నువ్వు యాల చెప్పినావు?"

అయిదున్నరేళ్ళ పిల్లకు ఏమని చెప్పను? నిన్ను ఇవ్వలేక అని చెప్పనా? అది నా మోకాలు మీద చెయ్యి వేసింది.

"నేను ఎవరికీ చెప్పనులే పెద్దమ్మా."

మే 22

కథ అడగలేదు.

మే 25, ఆదివారం

కథ అడగలేదు. నేనే చెప్పనా అంటే, "వద్దులే, నీకు పని ఉండాది" అంది.

మే 31

బట్టలు సర్దుతున్నాను. ఒక పెట్టె చాలనుకున్నాను. చాలలేదు. ఎడ్విన్ బజారుకెళ్ళి సంచి తెచ్చాడు. తెచ్చిన సంచి చాలా పెద్దది. ఎందుకంత పెద్దది తెచ్చావని అరిచాను.

ఫ్లారెన్స్ రెండు రోజులకోసారి ఫోన్ చేస్తోంది. పాదానికి కుట్లు తీశారట. హెప్సితో మాట్లాడుతుంది. మొదట ఊ, ఆ అనేది. ఇప్పుడు ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోతోంది. ఏం మాట్లాడుకుంటారో నాకు వినబడదు.

జూన్ 7, శనివారం

కుప్పంలో దింపి వచ్చాం.

రెండు గదుల ఇల్లు. రైలు స్టేషన్‌కు దగ్గర. హెప్సికి కిటికీ పక్కన మంచం వేశారు. గోడ మీద సుగుణ ఫోటో పెట్టి ఉంది. నేను ఇచ్చింది కాదు, జోయెల్ దగ్గరిదే. పెద్దది చేయించి ఫ్రేము కట్టించారు. నేను తెచ్చిన ఫోటో సంచిలోనే ఉండిపోయింది.

మగవాళ్ళు హెప్సిని రైలు చూపించడానికి తీసుకెళ్ళారు. ఫ్లారెన్స్ వంటింట్లో చిక్కుడుకాయలు వొలుస్తోంది. నేనూ పక్కన కూర్చుని వొలిచాను. సగం అయ్యాక చెప్పాను.

"ఆ కథ స్కూల్లో చెప్పింది కాదు ఫ్లారెన్స్. నేను చెప్పినాను."

ఆమె చేతులు ఆగలేదు.

"తెలుసక్కా. హెప్సి ఫోన్లో నాకు కథంతా చెప్పింది. స్కూల్లో చెప్పిన కథ అనే చెప్పింది. కడాన పెద్దమ్మ వచ్చి ఇంటికి తీసుకుపోతాదంట. ఏ టీచరు అట్ల చెప్తాది?"

నేను తల ఎత్తలేదు.

"మీరే చెప్తారేమోనని సూస్తా ఉన్నా. చెప్పినారు. మంచిదే." ఇంకో నాలుగు కాయలు వొలిచింది. "నాకు కోపం లేదని చెప్పను. ఆ పొద్దు ఆ గార్డు లేకపోతే? మా ఆయన తాళం తిప్పినాడు కదక్కా. తన బిడ్డ మీద తనే..."

ఆ మాట పూర్తి చేయలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆయనకు నేను చెప్పను. ఎప్పటికీ చెప్పను. అయితే కొన్నాళ్ళు మీరు రావద్దండక్కా. ఫోన్ కూడా వద్దు. దసరా సెలవులకు నేనే తీసుకొస్తా. దానికి నా మీద నమ్మకం రానీండి. మీరు ఎదురుగా ఉంటే అది నా వైపు రాదు. వచ్చినా, మీకేమన్నా అవుతాదేమోనని భయపడతాది. ఆ పొద్దు అబద్ధం యాల చెప్పిందనుకున్నారు?"

దసరా అంటే నాలుగు నెలలు. కాదనడానికి నా దగ్గర ఏముంది? ఆమె అడిగిందాంట్లో తప్పు వెతికాను. దొరకలేదు. సరేనన్నాను.

రైలు చూసి హెప్సి పరుగున వచ్చింది. గూడ్సు బండికి నలభై రెండు పెట్టెలట. మొదట ఎవరికి చెప్పాలా అని ఇద్దరి మధ్యా నిలబడిపోయింది. నేను లేచి, చేతులు కడుక్కుంటానని తొట్టి దగ్గరికి వెళ్ళాను. వెనక నుంచి వినబడింది. ఫ్లారెన్స్‌కు చెబుతోంది.

జూన్ 8

ఇంట్లో చప్పుడు లేదు.

జూన్ 12, గురువారం

బడులు తెరిచారు. మా కౌంటరు ముందు నుంచే పిల్లలు పోతారు. యూనిఫారాలు. లోపలి గదిలో స్టాకు చూసుకుంటానని చెప్పి తొమ్మిదింటి దాకా అక్కడే ఉన్నాను.

జూన్ 15

ఎడ్విన్‌కు జోయెల్ ఫోన్ చేశాడట. బాగానే ఉందట. రెండు రోజులు ఏడ్చిందట, ఇప్పుడు తింటోందట. "వదిన ఎందుకు మాట్లాడదు, కోపమా?" అని అడిగాడట. పని ఎక్కువగా ఉందని ఎడ్విన్ చెప్పాడట.

జూన్ 22, ఆదివారం

పుంగనూరు వెళ్ళి వచ్చాను. పని ఉండి.

జూన్ 29, ఆదివారం

పోయిన వారం పుంగనూరులో నాకే పనీ లేదు.

చర్చి అయ్యాక ఎడ్విన్‌ను ఇంటికి పొమ్మని చెప్పి బస్టాండుకు వెళ్ళాను. కుప్పం బస్సు కనబడితే ఎక్కాను. కుప్పానికి టికెట్ తీసుకున్నాను. లోపలికి వెళ్ళను, వీధి చివర నిలబడి చూసి వచ్చేస్తాను అనుకున్నాను. ఆదివారం సాయంత్రం పిల్లలు బయట ఆడుకుంటారు కదా. అది నన్ను చూడకుండా నేను దాన్ని చూడవచ్చు. అది ఒకవేళ చూస్తే? పరుగెత్తుకుంటూ వస్తుంది. రాకపోతే? రెండూ ఊహించుకున్నాను. పుంగనూరు రాగానే లేచి దిగేశాను. "కుప్పం ఇంకా శానా దూరముండాది గదమ్మా" అని కండక్టరు కిటికీలోంచి అన్నాడు. ఇక్కడే పని ఉందన్నాను.

ఈ రోజు కూడా వెళ్ళాను. ఈసారి పుంగనూరుకే టికెట్ అడిగాను. దిగి, బెంచీ మీద కూర్చుని, మదనపల్లె బస్సు వస్తే ఎక్కి వచ్చేశాను. ఎడ్విన్ యాడికి పోయావని అడగలేదు. అన్నం పెట్టి ఉంచాడు.

జూలై 6, ఆదివారం

అదే బస్సు, అదే కండక్టరు. ఈ రోజు నిజంగా కుప్పం అడుగుదామనుకున్నాను. పొద్దున ప్రార్థనలో కూడా అదే ఆలోచన. ఒక్కసారి, దూరం నుంచి. ఫ్లారెన్స్‌కు తెలిసే అవకాశమే లేదు.

అతను ముందు సీట్ల నుంచి ఒక్కొక్కరినీ ఊరు అడుగుతూ, టికెట్ కొట్టి ఇస్తూ వచ్చాడు. నా దగ్గర ఆగాడు. నేను నోరు తెరిచేలోపే, ఏమీ అడగకుండా, పుంగనూరు టికెట్ కొట్టి నా చేతిలో పెట్టాడు.

తీసుకున్నాను.